ఒక్క పన్ను తగ్గిస్తే సరిపోయేది

ఈ మధ్య మా అల్వాల్ కుర్రాళ్ళకి భక్తి పెరిగింది. దేవుడి మీద కాదు, కొండల మీద. శుక్రవారం సాయంత్రమైతే చాలు, లోతుకుంట నుంచి బొల్లారం దాకా ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఒకటే చర్చ. రేపు శ్రీశైలమా, అనంతగిరా, సెలవు దొరికితే అరకా? పోండి నాయనా, ఎవరొద్దన్నారు! కానీ ఆ వెనకే ఇంకో మాట వస్తుంది చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. "మాది వంద సీసీ బండి తాతా. ఘాట్‌ల గుంజదు. రెండొందల సీసీ కొనాలె."

గుంజదట! యాభై సీసీ లూనా మీద కీసరగుట్ట ఎక్కిన తరం మాది. 1972లో పుణె కైనెటిక్ వాళ్ళు తెచ్చిన ఆ బండికి గేర్లు లేవు. పెడళ్ళున్నాయి. చడావు మీద ఇంజన్ మొరాయిస్తే ఎవరిని తిట్టాలో తోచేది కాదు కాబట్టి పెడళ్ళు తొక్కేవాళ్ళం. సగం పెట్రోలు, సగం పిక్కలు. ఇప్పుడు అలాంటి ఏర్పాటుకి హైబ్రిడ్ అని పేరు పెట్టి లక్షలకి అమ్ముతున్నారు.

వెనక కూర్చున్నవాళ్ళు మలుపు దగ్గర దిగి నడవడం కూడా అప్పట్లో మర్యాదే. ఎవరూ అడగక్కర్లేదు, ఇంజన్ గొంతు మారగానే దిగిపోయేవాళ్ళు. ఈ సంగతి నేను గొప్పగా చెబుతుంటే మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంటుంది. "కొండెక్కింది మీరూ మీ బండీనా? నేను! చంకలో పిల్లాడు, చేతిలో కొబ్బరికాయల సంచి." సరే, ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం. అయినా అందులోనూ శాస్త్రముంది. బండి మీంచి యాభై కిలోలు దించడం కన్నా చౌకగా పవర్ పెంచే ఉపాయాన్ని ఇప్పటిదాకా ఎవడూ కనిపెట్టలేదు.

మాది కంటోన్మెంటుని ఆనుకున్న ఊరు కాబట్టి బుల్లెట్ల చప్పుడుతోనే తెల్లారేది. వాటి సంగతి వేరు, 350 సీసీ, వాటికి కొండా చదునూ ఒకటే. సామాన్యుడికి ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్. 175 సీసీ, మూడే గేర్లు. చడావు మీద రెండో గేరులో లాగదు, మొదటి గేరులో ఇంజన్ అరుస్తుంది, బండి పాకుతుంది. ఆ రెంటికీ మధ్య ఇంకో గేరుంటే ఎంత బాగుండునో అనుకుంటూనే కొండ పూర్తయ్యేది. మైసూరు యెజ్డీకి నాలుగు గేర్లు, 250 సీసీ, దాని దర్జా దానిది. కానీ అది తాగే పెట్రోలు ముందు మా జీతాలు నిలబడేవి కావు.

1985 ప్రాంతంలో జపాన్ పేర్లతో వంద సీసీ బళ్ళు దిగాయి. హీరో హోండా సీడీ 100 ఒకవైపు, యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంకోవైపు. కొలిచి చూస్తే రెండూ వందకి రెండు మూడు సీసీలు తక్కువే. అయినా ఒకదానికి ఏడెనిమిది హార్స్‌పవర్, ఇంకోదానికి పదకొండు. కారణం పెద్ద రహస్యమేం కాదు. ఆర్‌ఎక్స్ టూ స్ట్రోక్, ఇంజన్ తిరిగిన ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది. సీడీ ఫోర్ స్ట్రోక్, రెండు చుట్లకి ఒకసారి. ఆర్‌ఎక్స్ వాడు ఘాట్‌లో ఈల వేసుకుంటూ ముందు వెళ్ళిపోయేవాడు. సీడీ వాడు నింపాదిగా చేరేవాడు, కాకపోతే తిరుగు ప్రయాణానికి అతని ట్యాంకులో పెట్రోలు ఉండేది. 1996లో ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది. ఇప్పుడు అదే పాత బండికి కుర్రాళ్ళు కొత్త బండి ధర ఇస్తున్నారు. దాని పొగ గురించి మాత్రం నన్నడక్కండి. ఆ రోజుల్లో దాని వెనక వెళ్ళినవాడి తెల్ల చొక్కా తెల్లగా ఇల్లు చేరేది కాదు.

అసలు కొండెక్కడానికి ఎంత బలం కావాలో కాగితం మీద లెక్కేసి చూసినవాడు ఈ టీ కొట్టు సభల్లో ఒక్కడూ లేడు. బండి 110 కిలోలు, ఇద్దరు మనుషులు 130, మొత్తం 240 అనుకుందాం. పన్నెండు అడుగులు ముందుకి పోతే ఒక అడుగు పైకి లేచే రోడ్డు. ఘాట్‌కి అది తక్కువ వాలేం కాదు. 240లో పన్నెండో వంతు 20. అంటే ఇరవై కిలోల బరువు మిమ్మల్ని ఎప్పుడూ వెనక్కి లాగుతూ ఉంటుంది. దాన్ని ఓడించి గంటకి 30 కిలోమీటర్ల వేగంతో పోవడానికి, టైర్ల రాపిడీ ఎదురుగాలీ కలుపుకున్నా, 3 హార్స్‌పవర్ లోపే చాలు. స్ప్లెండర్‌కి ఉన్నది ఇంచుమించు 8.

మరి బండి ఎందుకు నీరసపడుతుంది? ఆ 8 అనేది ఇంజన్ నిమిషానికి 8000 చుట్లు తిరిగినప్పటి మాట. నాలుగో గేరులో ముప్పై మీద పోతూ ఇంజన్ రెండున్నర వేల చుట్లతో దగ్గుతుంటే, అప్పుడు దాని చేతిలో ఉండేది ఆ ఎనిమిదిలో మూడో వంతుకి మించదు. అదే వేగంలో రెండో గేరుకి దిగితే చక్రానికి అందే బలం రెట్టింపుకి దగ్గరవుతుంది. అంతే. కానీ మా పక్కింటి కుర్రాడు గేరు దించడం పరువు తక్కువనుకుంటాడు. ఇంజన్ గట్టిగా అరిస్తే పాడైపోతుందని భయం. నాలుగో గేరులో పీకినప్పుడు టకటకమని లోపల కొట్టుకునే చప్పుడు మాత్రం వాడికి వినపడదు, చెవుల్లో పాటలుంటాయి కదా.

కుర్రాణ్ణి మాత్రమే అని లాభం లేదు. షోరూములో కాలు పెట్టగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "లీటరుకి ఎంతిస్తుంది?" కంపెనీ వాడు తెలివైనవాడు. చదును రోడ్డు మీద ఇంజన్ తక్కువ చుట్లు తిరిగి పెట్రోలు ఆదా అయ్యేట్టు గేర్ల లెక్క కట్టి ఇస్తాడు. తండ్రి మైలేజ్ చూసి కొన్న బండి మీద కొడుకు నల్లమల ఎక్కుతానంటాడు. రెండూ ఒక బండిలోనే కావాలంటే ఎక్కడొస్తాయి?

ఇక్కడ మా ఉస్తాద్ గురించి చెప్పాలి. తిరుమలగిరి ఈఎంఈలో మిలిటరీ బళ్ళు బాగుచేసి రిటైరై, అల్వాల్‌లో వేపచెట్టు కింద రేకుల షెడ్డు వేసుకున్న మనిషి. పేరు రాస్తే ఆయనకి నచ్చదు. బండికి పికప్ లేదు ఉస్తాద్ అని వెళ్తే స్పానర్ ముట్టేవాడు కాదు. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో ఒక తిప్పు తిప్పేవాడు. చక్రం హాయిగా తిరిగి తిరిగి ఆగాలి. సర్రుమని రాసుకుంటూ చప్పున ఆగిపోతే తల ఊపేవాడు. "ఇంజన్ల ఏమైంది అని అడుగుతవు సార్. ముందుగాల బండిని ఎనకకు గుంజేటిదేందో చూడాలె గద!"

ఆ ఒక్క మాటలో ఆయన విద్య అంతా ఉంది. డ్రమ్ములో బ్రేకు షూలు పట్టేసినా, చైన్ మరీ బిగించి ఉన్నా, చక్రం బేరింగ్ అరిగినా, టైర్లో గాలి తక్కువైనా, ఇంజన్ పుట్టించిన బలం రోడ్డుకి చేరకముందే దారిలో కరిగిపోతుంది. పెద్ద బండికైతే ఒక హార్స్‌పవర్ పోయినా తెలియదు. ఎనిమిదిలో ఒకటి పోతే ఘాట్ మీద తెలుస్తుంది. ఇప్పటి సర్వీసు వాళ్ళు కంప్యూటర్ తగిలిస్తారు. అది తెర మీద పచ్చగా చూపిస్తే బండికి రోగం లేదంటారు. రాసుకునే బ్రేకుని ఏ కంప్యూటర్ చూపిస్తుందయ్యా?

చక్రం బాగా తిరిగితే అప్పుడు క్లచ్. ఉస్తాద్ తనే బండెక్కి బొల్లారం వైపు ట్రయల్ వేసేవాడు. పై గేరులో పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ చప్పుడూ వేగమూ కలిసి పెరగాలి. చప్పుడు ముందు పరిగెత్తి వేగం వెనకబడితే క్లచ్ ప్లేట్లు జారుతున్నట్టు. చదును మీద కనిపించని ఈ జారుడు చడావు మీద బయటపడుతుంది. ఒక్కోసారి ప్లేట్లు మార్చే పని కూడా ఉండేది కాదు. లివర్‌లో కాస్తయినా ఆట లేకుండా కేబుల్ బిగించేసి ఉండేది, అది వదులు చేస్తే సరిపోయేది. ఇప్పుడు దీనికి ఇంకో రోగం తోడైంది. ఖరీదైనది కదా అని కారు ఇంజన్ ఆయిల్ తెచ్చి బైకులో పోస్తున్నారు. కారు క్లచ్ పొడిగా ఉంటుంది, మన బైకు క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. రాపిడి తగ్గించడానికి కారు ఆయిల్‌లో కలిపే మందులు ఇక్కడ క్లచ్ పట్టునే తగ్గిస్తాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందో లేదో చూసి కొనమని చెబితే, తాతకి ఈ వయసులో డబ్బాలు చదివే పనేంటని నవ్వుతారు.

టూ స్ట్రోక్ బండైతే ఉస్తాద్ చేయి సైలెన్సర్ మీదకి వెళ్ళేది. పెట్రోలులో కలిపిన ఆయిల్ అంతా మండదు, మసిగా పేరుకుంటుంది. పొగ బయటికి పోయే దారి సన్నబడితే కొత్త పెట్రోలు లోపలికి రావడానికి చోటుండదు. సైలెన్సర్ లోపలి గొట్టం లాగి, మంటలో కాల్చి, కొట్టి దులిపి, మళ్ళీ బిగించేవాడు. హెడ్డు విప్పి పిస్టన్ మీది మసి గీకేవాడు. ఆ మధ్యాహ్నం షెడ్డు చుట్టుపక్కల ఎవరూ బట్టలు ఆరేసేవాళ్ళు కాదు. సాయంత్రానికి బండి మాత్రం కొత్తగా లేచేది. ఒక్క పైసా పార్టు మార్చకుండా! ఫోర్ స్ట్రోక్ అయితే టాపెట్ల సందు చూడటం, ప్లగ్గు శుభ్రం చేయడం, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్ దులపడం. టాపెట్ల మధ్య ఉండాల్సిన ఖాళీ మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు. అది పూర్తిగా పోయి వాల్వు సరిగ్గా మూసుకోకపోతే కంప్రెషన్ పోతుంది. కంప్రెషన్ లేని బండికి కొండ చూపించకూడదు.

ఇవన్నీ అయ్యాక కూడా ఘాట్‌లో ఇంకొంచెం కావాలంటే, అప్పుడు స్ప్రాకెట్.

ముందు చిన్న పళ్ళ చక్రం, వెనక పెద్దది, మధ్య చైన్. ముందుది 14 పళ్ళదనుకుందాం. దాన్ని తీసి 13ది వేస్తే వెనక చక్రానికి అందే లాగుడు ప్రతి గేరులోనూ ఏడెనిమిది శాతం పెరుగుతుంది. అదే ఫలితం వెనక నుంచి రావాలంటే 42 పళ్ళని 45 చేయాలి. అంటే ముందు ఒక పన్ను, వెనక మూడు పళ్ళు సమానం. వెనకది మారిస్తే చైన్ పొడవు చాలకపోవచ్చు. ముందుది మారిస్తే ఉన్న చైన్‌తోనే వెనక చక్రాన్ని కాస్త వెనక్కి జరిపి సర్దుకోవచ్చు. కవర్ విప్పి, రెండు బోల్టులు తీసి, కొత్తది దూర్చి బిగించడానికి ఉస్తాద్‌కి ఒక చాయ్ తాగేంత సేపు. రాణిగంజ్‌లో వెతికితే ఏ బండికైనా ఒక పన్ను తక్కువది దొరికేది.

ఊరికే రాదు, ఒప్పుకుంటాను. పై గేరులో అరవై మీద ఇంజన్ 5000 చుట్లు తిరిగేదల్లా 5400 దాకా తిరుగుతుంది. హైవే మీద చెవి నొప్పి, పెట్రోలు ఖర్చు, టాప్ స్పీడు తగ్గుదల. చిన్న చక్రం చుట్టూ చైన్ ఎక్కువ వంగాలి కాబట్టి త్వరగా అరుగుతుంది కూడా. సాగిన పాత చైన్ మీద కొత్త స్ప్రాకెట్ వేస్తే పళ్ళు నెలల్లో సూదుల్లా తయారవుతాయి. వేగం ఇచ్చి బలం తీసుకోవడం, అంతే బేరం. రెండొందల సీసీ కొనే బేరం కంటే ఇది నాకెప్పుడూ నచ్చుతుంది.

కానీ ఈ పని ఎవరు చేయించుకుంటారు ఇప్పుడు? బయటికి కనపడదు, చప్పుడు రాదు, ఫొటో దిగడానికి పనికిరాదు. అందుకే ముందు సైలెన్సర్ మారుస్తారు. ఇంట్లోంచి తీస్తే అల్వాల్ చెరువు గట్టు మీది కొంగలు లేచిపోయేంత మోత. పవర్ పెరిగిందంటారు, పెరిగింది చప్పుడు. ఫోర్ స్ట్రోక్ చిన్న ఇంజన్‌కి అడ్డూ ఆపూ లేని సైలెన్సర్ తగిలించి, పెట్రోలు పాళ్ళు సరిచేయకుండా వదిలేస్తే, కింది చుట్ల దగ్గర బలం తగ్గుతుంది. ఘాట్‌కి కావాల్సింది అక్కడే! డబ్బిచ్చి కొండెక్కే శక్తిని తీయించుకున్నట్టయింది. పైగా ఆర్‌సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎప్పటినుంచో చెబుతోంది. పోలీసులు అలాంటి సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్‌తో తొక్కించడం టీవీలో చూసి నేను ఇంకో కప్పు కాఫీ అడిగాను.

పవర్ పెట్రోలు ఇంకో పిచ్చి. ఆక్టేన్ ఎక్కువైతే ఇంజన్ కొట్టుకోకుండా ఉంటుంది, అంతవరకే. కొట్టుకోని ఇంజన్‌లో పోస్తే బంకు వాడి గల్లాపెట్టెకి తప్ప ఎవరికీ బలం రాదు.

ఇక వీళ్ళు చెప్పే సాకుల్లో నాకు బాగా నచ్చినది ఎత్తు. "కొండ మీద గాలి పల్చగా ఉంటది తాతా, ఇంజన్‌కి ఊపిరి ఆడదు." నిజమే, వెయ్యి అడుగులు ఎక్కితే మూడు శాతం బలం పోతుంది. లదాఖ్ పోతే ఏడవాల్సిందే. కానీ బాబూ, శ్రీశైలం గుడి మన అల్వాల్ కంటే ఎత్తున లేదు! సికింద్రాబాద్ దాదాపు 1,800 అడుగుల మీదుంది. కింద డ్యామ్ నిండితే నీటి మట్టం 885 అడుగులు. మన్ననూరు దగ్గర నల్లమల ఎక్కి, ఈగలపెంట దాటి కృష్ణ దాకా దిగి, వంతెన దాటి సున్నిపెంట వైపు మళ్ళీ ఎక్కుతాం. అక్కడ బండిని ఏడిపించేది వాలు, మలుపు, వెనక కట్టిన మూటలు. గాలిని ఎందుకు తిడతారు? తిరుమలే తీసుకోండి. తిరుపతి నుంచి రెండు వేల అడుగుల పైచిలుకు ఎక్కితే గాలి లెక్కలో పోయేది ఆరేడు శాతం. అది ఒక స్ప్రాకెట్ పన్నుకి సమానం. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వేసినప్పటినుంచి ఆ కొండ ఎక్కిన బళ్ళలో ఎన్నింటికి ఈనాటి పవర్ ఉందంటారు?

ఒక్క విషయంలో మాత్రం ఈ కాలం బళ్ళకి నమస్కారం పెడతాను. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చి కార్బురేటర్ పోయింది. గాలి ఒత్తిడిని తనే కొలుచుకుని పెట్రోలు పాళ్ళు సర్దుకుంటుంది బండి. మేము కొండ మీద మెయిన్ జెట్టు మార్చడానికి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళం, ఆ బాధ లేదు. తెల్లవారుజామున చోక్ లాగి కిక్కులు కొట్టే బాధా లేదు. అంత బండి చేతిలో పెట్టుకుని ఎక్కదంటారేమిటనే నా గొడవ.

ఎక్కడం సరే, దిగడం ఎవరూ మాట్లాడరు. పాత టూ స్ట్రోక్ వాడికి దిగుడే గండం. పెట్రోలుతోపాటే ఆయిల్ పోయే బండిలో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి మైళ్ళకొద్దీ దిగితే పిస్టన్‌కి తడి అందదు, ఎక్కడో ఒక మలుపులో పట్టేస్తుంది. అందుకే మధ్య మధ్య కాస్త తిప్పి వదిలేవాళ్ళం. ఫోర్ స్ట్రోక్‌కి ఆ భయం లేదు. ఎక్కిన గేరులోనే దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఇప్పటివాళ్ళు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగి, డ్రమ్ములు కాలిపోయాక బ్రేకు పట్టడం లేదని మెకానిక్ మీదికి వెళ్తారు.

పారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. అది పూర్తయితే అల్వాల్ వాళ్ళకి చడావు ఇంటి ముందుకే వస్తుంది. ప్రాక్టీసు చేసుకోండి.

మా పక్కింటి కుర్రాడి చేత చివరికి ఒక పన్ను తగ్గించి వేయించాను. బ్రేకులు సరిచేయించాను, క్లచ్ కేబుల్ వదులు చేయించాను, వెనక కట్టే మూటల్లో సగం తీయించాను. సంచిలో మూడు జతల బూట్లున్నాయి, ఒక్క మనిషికి! రాత్రి తొమ్మిది దాటితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవిలోకి వదలరని చెప్పి తెల్లవారకముందే పంపాను. వంద సీసీ బండి, ఇద్దరు మనుషులు, వెళ్ళొచ్చారు. కుర్రాడు ఏమీ అనలేదు, అంటే బాగానే ఎక్కిందన్నమాట. వాడి తండ్రి మాత్రం మర్నాడు మా గేటు దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, మీరేదో మార్పించిన్రంట. మైలేజ్ తగ్గింది."

"పాత స్ప్రాకెట్ పారేశావా?"

"లేదు, డిక్కీల ఉంది."

"మరింకేం! సోమవారం అది బిగించుకో, కొడుకు మళ్ళీ కొండకి పోయేముందు ఇది బిగించుకో. మా రోజుల్లో రెండూ ఇంట్లో ఉండేవి."

ఎవరు బిగిస్తారని అడిగాడు. పది, పన్నెండు నంబరు స్పానర్లు ఇచ్చి పంపాను. ఇంకా తిరిగి ఇవ్వలేదు.